కంచె మీది పోతుతీగ

నాకు పెండ్లయిన నాలుగో ఏడు, ఉదయగిరిలో, ఒక తీగను గడ్డతో సహా పెరికి పారేసినాను. అది మా తీగ కాదు. పెరటి అవతలి ఇంటిది. ఆ ఇంటామె ఊళ్ళో లేని పొద్దు చూసుకొని మరీ ఆ పని చేసినాను.

మాది చేజర్ల పక్కన చిన్న పల్లె. నన్ను అయిదో తరగతి దాకా చదివించి నాయన ఆపేసినాడు. ఆపైన చదవాలంటే ఆత్మకూరు పోవాల. ఎదిగే ఆడపిల్లను అంత దూరం ఎవరు పంపిస్తారని అవ్వ అనింది, అంతటితో ఆ మాట ముగిసిపోయింది. స్వతంత్రం వచ్చిన మరుసటేడు నాకు పెండ్లి చేసినారు. ఆయన మద్రాసులో బి.ఎస్సీ. చదివి, ఉదయగిరి హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరిన మనిషి. ఆ సంబంధం కుదిరినందుకు నేను సంబరపడింది ఆయన ఉద్యోగం చూసి కాదు. చదువు చెప్పే మనిషి ఇంట్లోనే ఉంటే, ఆగిపోయిన నా చదువు ఎట్లో ఒకట్ల మళ్ళీ సాగుతుందనుకున్నాను.

అది సాగలేదు. ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తింది లేదు, గట్టిగా కసిరింది లేదు. కానీ బళ్ళో పొద్దంతా మాట్లాడి మాట్లాడి వచ్చి, ఇంట్లో నోరు తెరిచేవాడు కాదు. కిరసనాయిలు అయిపోయిందని నేను చెప్పేది, ఆయన తల ఊపేది. నాలుగేండ్ల సంసారంలో మా మాటలన్నీ మూటగడితే ఉప్పూ చింతపండే ఎక్కువ తూగేవి. ట్రంకుపెట్టెలో ఆయన కాలేజీ పుస్తకాలు ఉండేవి. అన్నీ ఇంగ్లీషే. ఆయన బడికి పోయినాక వాటిని తీసి బొమ్మలు చూసేదాన్ని. పూలను నిలువునా కోసినట్టు గీసిన బొమ్మలు, వాటి నుంచి బయటికి లాగిన సన్నటి గీతలు, గీతల కొసన నాకు చదవరాని పేర్లు. ఆ పేర్లేందని అడగాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చేది. అడిగితే నవ్వుతాడేమోనని మింగేసేదాన్ని.

కొండ కింది వీధిలో మా అద్దె ఇల్లు. పెరట్లో రొమ్ముల ఎత్తున కంపకంచె. కంచెకు అవతల పక్కింటి ఆపా వాళ్ళ పెరడు. ఆపా అంటే వాళ్ళ భాషలో అక్క అని. వీధిలో అందరూ ఆమెను అట్లనే పిలిచేవాళ్ళు. నలభై దాటిన మనిషి. బిడ్డలిద్దరికీ పెండ్లిళ్ళయి వెళ్ళిపోయినారు. భర్త ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు పోయే బస్సు డ్రైవరు. మూడు రోజులకొకసారి ఇల్లు చేరి, తిని, నిద్రపోయి, తెల్లారి మళ్ళీ బస్సెక్కేవాడు. వాళ్ళిద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు, మాతో మాత్రం మాకంటే తేటగా తెలుగు మాట్లాడేవాళ్ళు. ఆపాకు చదువు రాదు. సంతకానికి వేలిముద్ర వేసేది.

ఆషాఢంలో నాలుగు చినుకులు పడగానే కొండ మీది నుంచి ఆగాకర గడ్డలు అమ్మకానికి దిగేవి. ఆగాకర అంటే కాకర జాతిదే, చిన్నది, గుండ్రంది, ఒంటినిండా మెత్తటి ముళ్ళు, చేదు ఉండదు. దాని తీగ ఎండాకాలం ఎండిపోయి, గడ్డ మాత్రం భూమిలో నిద్రపోయి, వాన పడగానే మళ్ళీ లేస్తుంది. ఆ ఏడు ఆపా నాలుగు గడ్డలు కొని రెండు నాకిచ్చింది. ఆమె రెండు అవతల నాటింది, నేను రెండు ఇవతల. నెల తిరిగేసరికి నాలుగు తీగలూ ఒకే కంచె మీద అల్లుకుపోయినాయి.

నా రెండు తీగలూ కాపుకొచ్చినాయి. ఆపా తీగల్లో ఒకటే కాసింది. రెండోది పూయడం మాత్రం విరగబూసేది. పసుప్పచ్చటి పూలు, సందెవేళ విచ్చుకొని తెల్లారేసరికి వాడిపోయేవి. ఒక్క పిందె లేదు. అయినా ఆపా దానికి ముందుగా నీళ్ళు పోసేది. అది చూసి నాకు లోపల నవ్వుగా ఉండేది. ఆమె గడ్డల్లో ఒకటి దండగైంది, నావి రెండూ పనికొచ్చినాయి గదా అని కొంచెం మిడిసిపాటు కూడా.

ఒక సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి, ఆపా ఆ కాయని తీగకు పాదు సరిచేస్తుండడం చూసినాడు. ఎందుకమ్మా దానికింత సేవ అని అడిగినాడు. ఆపా లేచి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ చెప్పింది.

"ఇది పోతుతీగ అయ్యోరా. ఇది కాయదు. కానీ దీన్ని పీకితే పక్కదీ కాయదు. మా దాదీ చెప్పేది, మా నాయనమ్మ."

ఆయన ముఖం అంతగా వెలగడం నేను అంతకుముందు చూడలేదు, మా పెండ్లిపీటల మీద కూడా. తాను మద్రాసులో పెద్ద పుస్తకంలో చదివిన సంగతిని, అక్షరం రాని మనిషి పెరట్లో తీగను చూసి చెప్పింది. ఆయన కంచె దగ్గరికి పోయి నిలబడినాడు. రెండు తీగల నుంచి చెరొక పూవు కోసి చూపించినాడు. ఆడపూవుకు కింద చిటికెనవేలి గోరంత ముళ్ళ పిందె పుట్టుకతోనే ఉంటుంది. మగపూవుకు పిందె ఉండదు, దాని కాడకు దొప్పలాగా చిన్న ఆకు ఒకటి చుట్టుకొని ఉంటుంది. ఆపా ఆ రెండూ ఎరుగును గానీ, లోపలి పుప్పొడి సంగతి ఎరగదు. ఆయన చెప్పినాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకొని గడపలో నిలబడే ఉన్నాను. గ్లాసు చల్లారింది.

ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే ఆయన పెరట్లోనే. ఆపా కంచెకు అవతల చేట ముందేసుకొని ఏదో ఏరుకుంటూ ఉండేది, ఆయన ఇవతల నిలబడి చెబుతూ ఉండేవాడు. నేను వంటింటి కిటికీ పక్కన కూర్చొని వినేదాన్ని. కట్టెలు చిటపటమంటే ఒక మాట పోతుందని, కట్టెను వెనక్కి లాగి మంట తగ్గించి వినేదాన్ని.

ఒకప్పుడు ఈ భూమ్మీద పూవన్నదే లేదంట. కోట్ల ఏండ్ల కిందట అడవులు ఉన్నాయి, అన్నీ పచ్చనే, ఒక్క రంగు పూవు లేదు. చెట్లు పుప్పొడిని గాలికి వదిలిపెట్టేవి. వెయ్యింతలు, లక్షింతలు వదిలితే ఎక్కడో ఒక రేణువు చేరాల్సిన చోటికి చేరేది. ఇప్పటికీ జొన్న అట్లనే చేస్తుందని చెప్పినాడు. అందుకే జొన్నపూతకు రంగు లేదు, వాసన లేదు. గాలికి కండ్లున్నాయా, ముక్కుందా? తర్వాత పెంకుపురుగులు పుప్పొడి తినడానికి వచ్చి, ఒంటికి పూసుకొని ఇంకో చెట్టు దగ్గరికి పోయినాయి. తిన్నది కొంతే, మోసింది చాలా. పురుగుల్ని పిలవగలిగిన చెట్లకు ఎక్కువ విత్తనాలు కట్టినాయి, వాటి సంతతి పెరిగింది. అట్ల తరాల మీద తరాలు గడిచి, ఆకులే రేకులైనాయి, రంగు వచ్చింది, వాసన వచ్చింది, తేనె ఊరింది. సంపెంగ పాతకాలపు పూవంట. విడివిడి మందపాటి రేకులు, నడుమ కదురులాంటి కాడ, పెంకుపురుగు ఎంత దొర్లినా చెడని కట్టుదిట్టం. ఆ తర్వాత వచ్చిన పూలు తెలివి మీరినాయి. గొట్టాలు కట్టుకొని, అడుగున తేనె దాచి, పొడుగు నాలుక ఉన్నదాన్నే రానిచ్చినాయి.

సందెకు విచ్చుకునే పూలు సందెపురుగుల కోసమని, ఆడా మగా వేరువేరు తీగలైతే తన పుప్పొడి తనమీదే పడే వీలుండదని, అందువల్ల పుట్టే విత్తనం గట్టిదని, ఇవన్నీ చెప్పినాడు. ఒక్క మాట కూడా నేను మరిచిపోలేదు. ప్రతి మాటా నాకు నిప్పులాగా తగిలేది. ఎందుకంటే ఒక్కటీ నాకు చెప్పింది కాదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా రాయాల. నాది మగని మీది అనుమానం కాదు. ఆపా ఆయనకు పిన్నమ్మ వయసు మనిషి, ఇరుగుపొరుగంతా చూస్తుండగా కంచెకు చెరొక పక్క నిలబడేవాళ్ళు. అనుమానమే అయితే పుట్టింటికి పోయి ఏడ్చి చెప్పుకోవచ్చు. నా కుళ్ళు వేరే. నాకు రావాల్సిన మాటలు కంచె దాటి పోతున్నాయి. ఒకనాడు ఆయన బడి నుంచి భూతద్దం తెచ్చి ఆపా చేతికిచ్చినాడు. ఆమె దాన్ని పూవు మీద పెట్టి చూసి, చిన్నపిల్లలాగా నవ్వింది. ఆ భూతద్దం మా ఇంటి గుండానే, నా పక్క నుంచే పోయింది.

ఆ పొద్దు అన్నం వడ్డిస్తూ అడిగినాను, అంతసేపు ఏం చెబుతుంటారని.

"నీకు చెప్పినా అర్థం కాదులే," అన్నాడు. కోపంగా కాదు. నా పని పెంచకూడదన్నట్టు, దయగానే అన్నాడు. పెరుగు వెయ్యమన్నాడు.

ఆ దయనే నేను ఓర్చుకోలేకపోయినాను.

వారం తిరక్కుండా ఆపా భర్తతో బస్సులో బయల్దేరింది. అనుమసముద్రంపేట దర్గాలో మొక్కు ఉండాది, రెండు రోజుల్లో వస్తాను, నా పాదులకు నీళ్ళు పొయ్యి అమ్మణ్ణీ అని నాకే అప్పజెప్పి పోయింది. మరునాడు మధ్యాహ్నం, ఆయన బళ్ళో ఉండగా, నేను కంచె సందులోంచి ఆమె పెరట్లోకి దూరినాను. కంప గీరుకొని మోచెయ్యి నెత్తురు కారింది. గడ్డపారతో తవ్వి, పోతుతీగను గడ్డతో సహా పైకి తీసినాను. గడ్డ నా గుప్పెడంత ఉండింది. కొడవలితో నాలుగు ముక్కలు చేసి, తీగతో పాటు వీధిచివర పశువులకు వేసినాను. ఒక బర్రె వాసన చూసి, నమిలి మింగింది. నేను ఇంటికొచ్చి తలారా నీళ్ళు పోసుకున్నాను. ఆ ఒక్క పూట నాకు చాలా హాయిగా ఉండింది. అబద్ధమెందుకు చెప్పాల.

ఆపా వచ్చి చూసింది. ఎవరు పీకినారని అడిగితే, మేకలు దూరినాయని చెప్పినాను. ఆమె సరేలే అనింది. సాయంత్రం ఆయన కంచె మీది నుంచి వంగి గుంతను చూసినాడు. మేక తీగ మేస్తుంది గానీ గడ్డ తవ్వదు. ఆయన నా వైపు ఒకసారి చూసి లోపలికి పోయినాడు.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. నాలుగు రోజులకు నా తీగల మీద పిందెలు పసుపుబారినాయి. పూవు వాడినాక పిందె ఊరాల్సింది, ఊరకుండా ముడుచుకొని, ముట్టుకుంటే రాలిపోయింది. రోజూ పొద్దున కంచె కింద రాలిన పిందెల్ని చూసేదాన్ని. ఆపా తీగ కింద కొన్ని, నా తీగల కింద అంతకు రెండింతలు. పోతుతీగను పీకితే పక్కది కాయదన్న మాట నేను చెవులారా విన్నాను. పక్కది అంటే ఆపాదే అనుకున్నాను. ఇన్నాళ్ళూ నా కాపు కూడా ఆమె పోతుతీగ పెట్టిన భిక్షేనని, సందెపురుగుకు మీ పెరడు మా పెరడు అన్నది లేదని నాకు తట్టలేదు. పాఠం మొత్తం వల్లెవేసిన దాన్ని, ముఖ్యమైన చోట తప్పినాను.

పది రోజులు బిగపట్టుకొని, పదకొండో రోజు ఆపా ఇంటికి పోయినాను. ఆమె ఉల్లిపాయలు కోస్తూ ఉండింది. మేకలు కాదు నేనేనని చెప్పినాను. ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"గుంత చూసినప్పుడే తెలిసింది అమ్మణ్ణీ. నీ మోచెయ్యి కూడా చూసినాను."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు మళ్ళీ మా గడప తొక్కుతావా?"

నాకు ఏడుపొచ్చింది. ఎందుకు చేసినానో కూడా చెప్పేసినాను. ఆయన నాలుగేండ్లలో నాతో మాట్లాడనిది నాలుగు వారాల్లో నీతో మాట్లాడినాడన్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఉల్లిపొర ఒకటి వేళ్ళతో నలిపింది. తర్వాత, తనకు మాత్రం మాట్లాడేదానికి ఎవరున్నారని అడిగింది. తన మనిషి ఇల్లు చేరితే ఒళ్ళంతా పెట్రోలు వాసన, కంట్లో నిద్ర. రోజూ సాయంత్రం మా ఆయన చెప్పుల చప్పుడు విని నేను తలుపు తీస్తుంటే, అది తన వాకిట్లో నుంచి చూస్తూ ఎన్నోసార్లు కడుపు మండిందని చెప్పింది. "నువ్వు నా తీగ పీకినావు. నేనైతే నీ తలుపు పీకాలనుకున్నాను," అనింది.

ఆ మాటకు ఇద్దరం నవ్వినాం. నవ్వినా, నాకు ఆశ్చర్యం తగ్గలేదు. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరు ఈ లోకంలో ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

కొండకు పోదాం పద అని ఆమే లేచింది. మధ్యాహ్నం అన్నాలు తిని ఇద్దరం బయల్దేరినాం. కోటగోడ పడిపోయిన చోట రాళ్ళ నడుమ ముళ్ళపొదలు, వాటి మీద ఆగాకర తీగలు చాలా ఉన్నాయి. అన్నీ మొగ్గలే, ఇంకా విచ్చుకునే వేళ కాలేదు. ఆపా కాయలున్న తీగల్ని వదిలి, లేని వాటిని వెదుకుతూ ఉండింది. నేను మొగ్గల్ని చూసినాను. పిందె లేకుండా, కాడకు దొప్పాకు చుట్టుకున్న మొగ్గ నాకే ముందు దొరికింది. ఇదిగో ఆపా అని పిలిచినాను. ఆమె వచ్చి చూసి, నీకెట్ల తెలుసని అడగలేదు. కిటికీ పక్కన నేనుండేది ఆమెకు ఎప్పుడో తెలుసు.

రాళ్ళ సందులో గడ్డ సగం తవ్వేసరికి విరిగింది. విరిగినదాన్నే తెచ్చినాం. మొగ్గలు ఇరవై దాకా కోసి తడిగుడ్డలో చుట్టినాం. ఇంటికొచ్చి చెంబులో నీళ్ళు పోసి కాడల్ని అందులో నిలబెట్టినాం. పొద్దు గూకేవేళకు అవి విచ్చుకున్నాయి. మగపూవు రేకులు తుంచి, నడుమ మిగిలిన పసుప్పచ్చటి పొడిని ఆడపూవు నడిమధ్య మెల్లగా రుద్దినాం. ఆమె అవతల, నేను ఇవతల.

అప్పుడే ఆయన బడి నుంచి వచ్చినాడు. చేతిసంచి కింద పెట్టకుండానే నిలబడి చూసినాడు. ఇది ఎవరు చెప్పినారని నన్ను అడిగినాడు. మీరేనని ఆపా చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. నేను పూవు చేత్తో పట్టుకొనే, ఆ తీగ పీకింది నేనేనని చెప్పినాను. తెలుసన్నాడు. ఎందుకు పీకినానో అది తెలుసా అన్నాను. ఆయన నా చేతిలోని పూవును, నా వెనక వంటింటి కిటికీని చూసినాడు.

"ఈ పూవు సాయంత్రమే ఎందుకు విచ్చుకుంటుంది?" అని అడిగినాడు. బళ్ళో పిల్లల్ని అడిగే గొంతుతోనే.

నేను చెప్పినాను. సందెపురుగు నుంచి మొదలుపెట్టి, గాలి కాలం దాకా వెనక్కి పోయి, పెంకుపురుగులు, సంపెంగ, జొన్న, గొట్టాల పూలు, అన్నీ చెప్పినాను. ఎక్కడా తడుముకోలేదు. ఆయన సంచి కింద పెట్టి, అరుగు మీద కూర్చొని విన్నాడు. నా చేతిలోని పూవు వాడిపోయింది. చెప్పడం అయినాక నాకు సంతోషం రాలేదు, కోపమొచ్చింది. పరీక్ష పెట్టేదానికి ముందు పాఠం చెప్పాల గదా అన్నాను. ఆయన తల దించుకున్నాడు. తప్పయింది అన్నాడు, నేలను చూస్తూ.

పదకొండు పూలకు చేసినాం, అయిదు కాయలు నిలిచినాయి. ఆపా తీగకు మూడు, నావాటికి రెండు. అయిదూ కలిపి ఆపా వాళ్ళింట్లో వేపుడు చేసినాం. విరిగిన గడ్డ మొలవలేదు. మరుసటేడు వానలకు నేనే కొండకు పోయి మంచి పోతుగడ్డ తెచ్చి ఆపా పెరట్లో నాటినాను.

ఆ పైన ఆయన నాకు చెప్పడం మొదలుపెట్టినాడు. ట్రంకుపెట్టెలోని పుస్తకాల బొమ్మలకు తెలుగులో పేర్లు రాసి ఇచ్చినాడు, ఇంగ్లీషు అక్షరాలు దిద్దించినాడు. సాయంత్రాలు కంచె దగ్గర ముగ్గురం కూడేవాళ్ళం. దాంతో నా కుళ్ళు పోయిందని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. ఆయన ఆపా వైపు తిరిగి ఎన్ని మాటలు చెప్పినాడు, నా వైపు తిరిగి ఎన్ని చెప్పినాడని మనసులో బేరీజు వేస్తూనే ఉండేదాన్ని. ఆమె ఏదైనా తెలివైన ప్రశ్న అడిగితే, అది నాకు ముందెందుకు తోచలేదని రెండు రోజులు మథనపడేదాన్ని. ఆ పోటీలోనే నేను ఎక్కువ నేర్చుకున్నానేమో. ఆపా కూడా అంతే. నేను అక్షరాలు దిద్దుతుంటే పలక వైపు ఆమె చూసే చూపు నాకు తెలుసు. నేర్పిస్తానంటే ఈ వయసులో నాకెందుకని లేచిపోయేది.

రెండేండ్లకు ఆయనకు ఆత్మకూరు బదిలీ అయింది. చెరువుకు దగ్గరలో ఇల్లు తీసుకున్నాం. ఒకసారి ఆపా తన భర్త నడిపే బస్సులోనే దిగి, పొద్దున వచ్చి సాయంత్రం దాకా మా ఇంట్లో ఉండింది. ఆమె రాక తెలిసి ఆయన ఆ రోజు మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వచ్చినాడు. చెరువులో తామరలు పూస్తున్నాయి, ఆ పూలది కూడా చాలా పాత వంశమని ఆమెకు చెప్పాలని ఆయన ఆశ. కానీ మేమిద్దరం వంటింట్లో కూర్చొని, తలుపు దగ్గరగా వేసుకొని, మాటల్లో ఉన్నాం. ఆమె పెద్దబిడ్డ కాన్పు సంగతి, ఉదయగిరి వీధి సంగతులు, నా సంగతులు. ఆయన రెండుసార్లు మంచినీళ్ళకు వచ్చినాడు. మూడోసారి ఏమీ అడక్కుండా గడపలో నిలబడినాడు. మేము మాట ఆపి ఆయన వైపు చూసినాం. ఆయన వెనక్కి పోయి వసారాలో కూర్చున్నాడు.

ఆమెను బస్సెక్కించి వచ్చినాక, అంతసేపు ఏం మాట్లాడుకున్నారని ఆయన అడిగినాడు. ఒకప్పుడు నేను అన్నం వడ్డిస్తూ ఆయన్ను అడిగిన గొంతే. అది ఏందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉండరు. ఆయన పక్కన కూర్చొని, ఆపా చెప్పిన వాటిలో చెప్పదగినవి చెప్పినాను. మిగతావి నా దగ్గరే ఉంచుకున్నాను.